ఎల్డెన్ రింగ్‌లో గట్టి క్లాస్ ఏది? అంకెలు చెప్పేది, దాచేది

ఎల్డెన్ రింగ్ అనే వీడియో గేమ్‌లో కథ తెలియకముందే, ఒక్క శత్రువు ముఖం కూడా చూడకముందే తీసుకోవాల్సిన నిర్ణయం క్లాస్, అంటే పాత్ర ఏ రకం యోధుడిగా మొదలవ్వాలన్నది. మొత్తం పది క్లాసులు, ఒక్కోదాని పక్కన ఎనిమిది అంకెలు. ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ 2022 ఫిబ్రవరిలో విడుదల చేసిన ఈ ఆటలో పదేపదే చావక తప్పదని ముందే విని వచ్చినవాళ్లకు ఆ తెర దగ్గరే టెన్షన్ మొదలవుతుంది. ఎవరిని అడిగినా చాలావరకు ఒకటే జవాబు: "వాగబాండ్ తీసుకో, తొందరగా చావవు." సలహా మంచిదే. దానికి చెప్పే కారణమే సగం సగం. హెచ్‌పీ, అంటే ప్రాణం, ఎక్కువ కాబట్టి వాగబాండ్ గట్టివాడు అంటారు. ఆ గట్టితనంలో హెచ్‌పీ వాటా ఎంతో లెక్క వేస్తే అనుకున్నంత ఉండదు. డాలు వాటా ఎక్కువ. అసలు వాటా మాత్రం వృథా కాకుండా పెట్టిన పాయింట్లది.

ముందు పాయింట్ల సంగతి. రెచ్ అనే క్లాస్ ఒంటి మీద గోచీతో, చేతిలో ఒక దుడ్డుకర్రతో మొదలవుతుంది. లెవెల్ 1, ఎనిమిది స్టాట్లూ (పాత్ర సామర్థ్యాల అంకెలు) పదేసి, మొత్తం 80. వాగబాండ్ లెవెల్ 9: వైగర్ (హెచ్‌పీని పెంచేది) 15, మైండ్ (మంత్రాలకు కావాల్సిన శక్తి) 10, ఎండ్యూరెన్స్ (దమ్ము) 11, స్ట్రెంత్ (బలం) 14, డెక్స్టెరిటీ (చేతి నైపుణ్యం) 13, మంత్రాలకు పనికొచ్చే ఇంటెలిజెన్స్ 9, ఫెయిత్ 9, ఆర్కేన్ 7. కూడితే 88. లెవెల్ తీసేస్తే రెచ్‌కు మిగిలేది 79, వాగబాండ్‌కూ 79. మంత్రాలు వేసే లెవెల్ 6 ఆస్ట్రాలజర్‌కు 85 పాయింట్లు, లెవెల్ 10 కన్ఫెసర్‌కు 89. పది క్లాసులనూ ఇలాగే కూడి చూడొచ్చు, ప్రతిసారీ 79 వస్తుంది. అంటే ఆట ఏ క్లాస్‌కూ ఉచితంగా ఏమీ ఇవ్వలేదు. కొన్నింటికి కొన్ని లెవెల్స్ ముందే కొనిపెట్టింది, అంతే. తేడా అంతా ఆ పాయింట్లు ఎక్కడ పెట్టిందన్న దాంట్లో ఉంది.

రెచ్‌ను వాగబాండ్‌తో సమానం చేయాలంటే వైగర్‌కు ఐదు, ఎండ్యూరెన్స్‌కు ఒకటి, స్ట్రెంత్‌కు నాలుగు, డెక్స్టెరిటీకి మూడు, మొత్తం పదమూడు పాయింట్లు కావాలి. పదమూడు లెవెల్స్ ఎక్కి లెవెల్ 14కు చేరితే గానీ లెవెల్ 9 వాగబాండ్‌తో భుజం కలపలేడు. ఆ ఐదు లెవెల్స్ తేడా ఎక్కడికి పోయిందంటే, కత్తి పట్టేవాడికి అక్కర్లేని ఇంటెలిజెన్స్‌లో ఒకటి, ఫెయిత్‌లో ఒకటి, ఆర్కేన్‌లో మూడు. అవి దండగ పాయింట్లు. వాగబాండ్‌ను తయారుచేసినవాళ్లు ఆర్కేన్‌ను 7 దగ్గరే ఆపి, ఆ మిగులును వైగర్‌లో పోశారు. వైగర్ అనేది మంత్రగాడైనా, విలుకాడైనా, గద తిప్పేవాడైనా ఈ ఆటలో చివరిదాకా పెంచుకుంటూ పోయే స్టాట్. కాబట్టి ఆ పదిహేను పాయింట్లలో ఒక్కటి కూడా తర్వాత "అయ్యో, దీన్ని ఇంకోచోట పెట్టి ఉంటే" అనిపించదు. ఈ క్లాస్ అసలు బలం ఇదే.

మొదట్లో ఇది ఎందుకంత ముఖ్యమో చాలామంది గమనించరు. ఆట మొదలవగానే లెవెల్ పెంచుకునే వీలు లేదు. మొదటి ప్రాంతమైన లిమ్‌గ్రేవ్‌లో బయటి నేల మీద కొన్ని గ్రేస్‌లు (ఆగి సేద తీరే వెలుగులు) తాకిన తర్వాత మెలినా అనే పాత్ర వచ్చి మాట్లాడితేనే రూన్లు, అంటే శత్రువులను చంపితే వచ్చే సొమ్ము, లెవెల్స్‌గా మారతాయి. అప్పటిదాకా ఎన్ని రూన్లు పోగేసినా జేబులో ఉండాల్సిందే, చస్తే నేల మీద పడాల్సిందే. ఆ మొదటి అరగంట, గంట, క్లాస్ ఇచ్చిన అంకెలతోనే బతకాలి. ఆ తర్వాత లెవెల్స్ చవకే. లెవెల్ 1 నుంచి 2కు 673 రూన్లు, అక్కడినుంచి కొద్దికొద్దిగా పెరుగుతూ పోతుంది. క్లాస్ తేడా పదునుగా తగిలేది ఆ మొదటి గంటలోనే.

ఇప్పుడు హెచ్‌పీ. వైగర్ 15 ఉన్న వాగబాండ్‌కు 522. వైగర్ 14 ఉన్న హీరోకు 499. సమురాయ్‌కు 12తో 455. ప్రాఫెట్, కన్ఫెసర్, బ్యాండిట్, రెచ్ నలుగురికీ వైగర్ 10, హెచ్‌పీ 414. అట్టడుగున ఆస్ట్రాలజర్, వైగర్ 9, హెచ్‌పీ 396. పైనుంచి కిందికి తేడా 126. చూడ్డానికి పెద్దదే. కానీ దీనికి ఫ్లాస్క్‌లు, అంటే తాగే మందు సీసాలు, కూడా కలపాలి. మొదట్లో చేతికొచ్చే నాలుగు ఫ్లాస్క్‌లలో మూడు ఎర్రవి, ఒకటి నీలిది. పెంచని ఎర్ర ఫ్లాస్క్ ఒక్కోటి 250 హెచ్‌పీ నింపుతుంది. ఆ 250 అందరికీ ఒకటే, క్లాస్‌ను చూడదు. మూడు ఫ్లాస్క్‌లూ కలిపితే వాగబాండ్ దగ్గర మొత్తం 1,272, ఆస్ట్రాలజర్ దగ్గర 1,146. తేడా పదకొండు శాతం. హెచ్‌పీ గీత పొడవు చూసి ఒకరు ఉక్కు, ఇంకొకరు గాజు అనుకుంటే ఈ లెక్క దానికి ఒప్పుకోదు.

మరి ఆస్ట్రాలజర్ అంత తొందరగా ఎందుకు చస్తుంది? ఫ్లాస్క్ తాగడానికి సమయం కావాలి గనక. ఒక శత్రువు దెబ్బకు 200 పోతుందనుకుందాం. 396 ఉన్నవాళ్లు రెండో దెబ్బకే పడిపోతారు. 522 ఉన్నవాళ్లు రెండు దెబ్బలు తిని, ఇంకా 122తో వెనక్కి దొర్లి, ఫ్లాస్క్ అందుకోగలరు. శత్రువులు చాలావరకు ఒక్క దెబ్బతో ఆగరు, రెండు మూడు వరసగా వేస్తారు. మొదటిది తగిలాక రెండోది తప్పించుకోలేని వరసలు కూడా ఉంటాయి. కాబట్టి లెక్కలోకి రావాల్సింది మొత్తం హెచ్‌పీ కాదు, ఎన్ని తప్పులు చేసి బతకొచ్చన్నది. వాగబాండ్‌కు దొరికేది ఒక్క తప్పు ఎక్కువ. కొత్తవాళ్లకు ఆ ఒక్క తప్పే ఆటను వదిలేయడానికీ, కొనసాగించడానికీ మధ్య తేడా.

వైగర్ గురించి ఇంకో సంగతి. ఒక్కో పాయింటుకు వచ్చే హెచ్‌పీ ఎప్పుడూ ఒకేలా ఉండదు. పది నుంచి పదిహేనుకు పోతే 108 వస్తుంది, పాయింటుకు ఇరవై పైచిలుకు. 25 దగ్గర హెచ్‌పీ 800. అక్కడినుంచి 40 దాకా గ్రాఫ్ నిట్టనిలువుగా లేస్తుంది. 40 దగ్గర 1,450, అంటే పాయింటుకు దాదాపు 43. ఆ తర్వాత 60 దాకా 1,900కు చేరి, పాయింటుకు 22కు తగ్గుతుంది. 60 దాటితే పాయింటుకు ఐదు, పెంచడం దండగ. ఏ క్లాసూ ఈ లాభాల పట్టీలోంచి మొదలవదు. వాగబాండ్ దానికి దగ్గరగా నిలబడి మొదలవుతాడు. వైగర్ 40 చేరేసరికి, మిగతావేవీ ముట్టకపోతే, వాగబాండ్ లెవెల్ 34లో ఉంటాడు, ఆస్ట్రాలజర్ లెవెల్ 37లో ఉంటుంది. మూడంటే మూడు లెవెల్స్. "గట్టి క్లాస్ తీసుకున్నాను కదా" అని వైగర్‌ను పదిహేను దగ్గరే వదిలేసి, పాయింట్లన్నీ స్ట్రెంత్‌లో పోసే వాగబాండ్ కంటే, వైగర్ ముప్పైకి లాగిన ఆస్ట్రాలజర్ గట్టిది. పదిహేనుకు 522, ముప్పైకి దాదాపు వెయ్యి.

డాలు దగ్గర కాసేపు ఆగాలి. వాగబాండ్‌కు మొదటే చేతికొచ్చే హీటర్ షీల్డ్ మామూలు ఆయుధాల దెబ్బను నూటికి నూరు శాతం ఆపుతుంది. కత్తి, ఈటె, గొడ్డలి ఏది తగిలినా హెచ్‌పీ పోదు, స్టామినా (దమ్ము) తగ్గుతుంది. హీరోకు తోలు డాలు, వారియర్‌కు చెక్క డాలు, బ్యాండిట్‌కు బక్లర్, సమురాయ్‌కు చిన్న గుండ్రటి డాలు. ఇవి దెబ్బలో కొంత ఆపి కొంత వదిలేస్తాయి. వెనకాల దాక్కుని నిలబడితే ప్రాణం చినుకు చినుకుగా కారిపోతూనే ఉంటుంది. కొత్త ఆటగాడికి శత్రువు కదలికలు తెలియవు. ఎప్పుడు దొర్లాలో తెలియదు. అది తెలిసేదాకా నిలబడి చూడటానికి ఒక చోటు కావాలి. నూరు శాతం డాలు ఇచ్చేది ఆ చోటు. డాలెత్తి నిలబడి "వీడు మూడు దెబ్బలేసి ఆగుతాడు" అని లెక్కపెట్టుకునే అవకాశం.

దానికి తోడు ఈ ఆటలో గార్డ్ కౌంటర్ అని ఒకటి ఉంది. డాలు మీద దెబ్బ తగిలిన వెంటనే హెవీ అటాక్ నొక్కితే, పాత్ర డాలును పక్కకు నెట్టి గట్టిగా ఎదురు దెబ్బ వేస్తుంది. శత్రువు తూలిపోతాడు. రెండు మూడు సార్లు ఇలా పడితే మోకాళ్ల మీద కూలి, గుండెలో పొడిచే క్రిటికల్‌కు దొరుకుతాడు. మొదట్లోనే కేవ్ ఆఫ్ నాలెడ్జ్ అనే నేర్పే గుహ ఉంటుంది. తొందరలో చాలామంది ఆ గుంతలోకి దూకకుండా ముందుకెళ్లిపోతారు. అక్కడే గార్డ్ కౌంటర్ నేర్పిస్తారు. చివర్లో సోల్జర్ ఆఫ్ గాడ్రిక్ అనే బాస్ ఉంటాడు, బాస్ అనడానికి కూడా మొహమాటం వేసేంత బలహీనుడు. ఆ గుహను దాటేసి వెళ్లిన వాగబాండ్, తన క్లాస్‌లోని సగం బలాన్ని అక్కడే వదిలేసి వెళ్లినట్టు.

గేట్‌ఫ్రంట్ శిథిలాల దగ్గర దీన్ని దగ్గరగా చూడొచ్చు. అదొక సైనికుల శిబిరం. గుడారాల మధ్య మామూలు సైనికులు అటూ ఇటూ తిరుగుతుంటారు. మనిషి కనపడితే కొమ్ము ఊది అందరినీ లేపేవాడు ఒకడుంటాడు. కింద నేలమాళిగలో వెట్‌స్టోన్ నైఫ్ ఉంటుంది. ఆయుధాలకు కొత్త యాష్ ఆఫ్ వార్ (ప్రత్యేక దాడి నైపుణ్యం) పెట్టాలంటే అది ఉండాల్సిందే, కాబట్టి ఆ శిబిరాన్ని తప్పించుకుని పోవడం మంచిది కాదు. వాగబాండ్ అక్కడికి గోడ వెంబడి వస్తాడు. మొదటి సైనికుడు కత్తెత్తుతాడు, డాలు మీద ఖణేల్ మంటుంది, స్టామినా గీత కొంత తగ్గుతుంది, హెవీ అటాక్ ఒకటి, వాడు నేల మీద. రెండోవాడూ ఇంతే. ముగ్గురు ఒకేసారి మీదపడితే మాత్రం కథ మారుతుంది. మూడు దెబ్బలు డాలు మీద పడేసరికి స్టామినా సున్నా. సున్నా అయితే డాలు పక్కకు తొలగిపోయి, ఛాతీ తెరుచుకుని, క్షణం పాటు పాత్ర ఏమీ చేయలేక నిలబడిపోతుంది. గట్టి క్లాస్‌తో ఆడుతున్న కొత్తవాళ్ల చావుల్లో చాలావరకు ఇక్కడే. ఎత్తిన డాలు దించరు. డాలు ఎత్తి ఉంచితే స్టామినా నెమ్మదిగా నిండుతుంది. దెబ్బకూ దెబ్బకూ మధ్య దించితే త్వరగా నిండుతుంది. ఈ ఒక్కటీ తెలిస్తే అదే 522 హెచ్‌పీతో శిబిరం మొత్తం తుడిచేయొచ్చు.

డాలు అన్నిటినీ ఆపదు. నిప్పు, మంత్రం, పిడుగు, పవిత్ర శక్తి, వీటిలో కొంత భాగం డాలు దాటి వస్తుంది. స్టార్మ్‌వీల్ కోట ముందు దారి కాసే మార్గిట్ చేతికర్రను డాలు శుభ్రంగా ఆపుతుంది. వాడు గాలిలోంచి తీసే బంగారు బాకునూ, సుత్తినీ మాత్రం పూర్తిగా ఆపలేదు. కొందరు శత్రువులు చేత్తో పట్టుకుని నలిపేసే దాడులకు డాలే లెక్కలోకి రాదు. ఇన్నాళ్లూ డాలు వెనకాలే బతికిన వాగబాండ్‌కు మార్గిట్ దగ్గర ఒక్కసారిగా కొత్త పాఠం మొదలవుతుంది. అదే ఆస్ట్రాలజర్‌తో వచ్చినవాళ్లు మొదటి రోజు నుంచీ దొర్లడమే నేర్చుకుని ఉంటారు. గట్టి క్లాస్‌కు ఉన్న నిజమైన నష్టం ఇది: నేర్చుకోవాల్సినదాన్ని వాయిదా వేస్తుంది.

బరువు గురించి క్లుప్తంగా. ఒంటి మీద ఉన్న సరంజామా మోయగలిగినదాంట్లో 70 శాతం దాటితే దొర్లడం దొర్లడంలా ఉండదు, ధబీమని పడి లేవడంలా ఉంటుంది. వాగబాండ్‌కు ఇనుప కవచం, లాంగ్‌స్వర్డ్, డాలు, వీటికి తోడు ఒక హాల్‌బర్డ్ (పొడవాటి కర్రకు గొడ్డలి) కూడా ఇస్తారు. వాడని ఆయుధం చేతి గడిలో పెట్టుకుని తిరగడం దండగ బరువు. హాల్‌బర్డ్‌ను సంచిలోకి తోసేస్తే చాలు, సంచిలో ఉన్నదానికి బరువు లెక్కలేదు. స్టేటస్ తెరలో మీడియం లోడ్ అని కనపడుతోందో లేదో ఒకసారి చూసుకోవాలి. కొత్త కవచం దొరికిన ప్రతిసారీ కూడా.

మిగతా క్లాసుల్లో హీరో దాదాపు వాగబాండ్ అంత గట్టిది. స్ట్రెంత్ 16తో మొదలవుతుంది, అన్ని క్లాసుల్లోకీ అదే ఎక్కువ. కానీ ఆర్కేన్ 11 అనే ముల్లు ఒకటుంది. రక్తం, విషం లాంటి బిల్డ్‌లకు (స్టాట్లు పంచుకునే పద్ధతులకు) తప్ప ఆర్కేన్‌తో పెద్దగా పని ఉండదు. డెక్స్టెరిటీ అక్కర్లేని పెద్ద పెద్ద గదలు తిప్పాలనుకుంటే హీరోదే పైచేయి. వైగర్ 40, ఎండ్యూరెన్స్ 25, స్ట్రెంత్ 50 అని పెట్టుకుని మిగతావి ముట్టకపోతే హీరో లెవెల్ 80లో అక్కడికి చేరుతుంది, వాగబాండ్‌కు 84 పడుతుంది. అదే క్లేమోర్ లాంటి కత్తి కావాలంటే డెక్స్టెరిటీ 13 ఉండాలి, అప్పుడు హీరోకు నాలుగు లెవెల్స్ అదనం. ఇద్దరూ 84 దగ్గర సమానం. క్లేమోర్ దొరికేది మోర్న్ కోటలో, దానికి స్ట్రెంత్ 16, డెక్స్టెరిటీ 13. వాగబాండ్ రెండే రెండు లెవెల్స్ ఎక్కితే చాలు, ఆట మొదటి పదిహేను గంటలకు సరిపోయే ఆయుధం చేతికొస్తుంది. రెండు చేతులతో పట్టుకుంటే స్ట్రెంత్ ఒకటిన్నర రెట్లుగా లెక్కకొస్తుంది గనక ఆ రెండు లెవెల్స్ కూడా అక్కర్లేదు. కాకపోతే డాలు వెనక్కి పోతుంది.

సమురాయ్‌ది ఇంకో రకం గట్టితనం. హెచ్‌పీ తక్కువ, డాలు నాసిరకం. కానీ చేతిలో ఉచిగటానా ఉంటుంది, దాని కోతలకు శత్రువు రక్తస్రావం గీత నిండి ఒక్కసారిగా పెద్ద ముక్క ప్రాణం ఊడిపోతుంది. వీపున పొడవాటి విల్లు ఉంటుంది. గేట్‌ఫ్రంట్ లాంటి శిబిరంలో ఒక్కొక్కణ్ణి దూరంనుంచి బాణంతో పిలిచి చంపొచ్చు. ముగ్గురి మధ్య ఇరుక్కునే అవసరమే రాదు. తగిలే దెబ్బలు తగ్గించుకోవడం కూడా తట్టుకోవడమే కదా. కన్ఫెసర్‌ను ఎవరూ పెద్దగా పట్టించుకోరు. వైగర్ పదే అయినా బ్రాడ్‌స్వర్డ్, మంచి డాలు, గాయం మాన్పే మంత్రం మూడూ ఉన్న క్లాస్ అదొక్కటే. ఫెయిత్ బిల్డ్ ఆడాలనుకుంటూ చావు భయం ఉన్నవాళ్లకు ప్రాఫెట్ కంటే కన్ఫెసర్ నయం. ప్రాఫెట్ ఎండ్యూరెన్స్ ఎనిమిది, అన్ని క్లాసుల్లోకీ తక్కువ. నాలుగు సార్లు దొర్లితే ఆయాసం.

ఆస్ట్రాలజర్ విషయంలో అంకెలు బాగా దాచిపెడతాయి. వైగర్ 9, ఒంటి మీద గుడ్డ. చూస్తే జాలేస్తుంది. కానీ గ్లింట్‌స్టోన్ పెబుల్ అనే మొదటి మంత్రంతోనే మామూలు సైనికుడు దగ్గరికి రాకముందే సగం చస్తాడు. చర్చ్ ఆఫ్ ఎల్లే దగ్గర రెన్నా అనే మంత్రగత్తె ఇచ్చే గంట, తోడేళ్ల యాషెస్ (ఆత్మలను పిలిచే బూడిద) తీసుకుంటే, వీలున్న చోట గంట మోగించి మూడు తోడేళ్లను శత్రువు మీదికి వదిలి, వెనకాల నిలబడి మంత్రాలు విసరొచ్చు. బాస్ తోడేళ్ల వెంట పడుతుంటే దెబ్బ తగిలేది ఎవరికి? అదే చర్చిలో కూర్చున్న కాలే అనే వ్యాపారి దగ్గర గొలుసు కవచం కూడా అమ్మకానికి ఉంటుంది. ఇదేం కొత్త సంగతి కాదు. ఇదే కంపెనీ 2009లో తీసిన డీమన్స్ సోల్స్‌లో సైతం కొత్తవాళ్లకు చాలామంది చెప్పిన క్లాస్ కవచాల నైట్ కాదు, దూరంనుంచి మంత్రం వేసే రాయల్. దూరం కూడా కవచమే. ఇబ్బందల్లా మంత్రం పట్టని శత్రువు ఇరుకు గదిలో ఎదురైనప్పుడు.

మొదట వాగబాండ్‌గా మొదలుపెట్టి తర్వాత మంత్రగాడిగా మారితే? మారొచ్చు. రాయా లుకేరియా అకాడమీలో రెన్నాలా అనే బాస్‌ను ఓడించాక, ఆమెకు లార్వల్ టియర్ అనే వస్తువు ఒకటి ఇచ్చి స్టాట్లన్నీ మళ్లీ పంచుకోవచ్చు. ఒక్కటే షరతు: మొదటి క్లాస్ ఇచ్చిన అంకెల కంటే కిందికి ఏదీ దించలేరు. క్లాస్ శాశ్వతంగా వదిలివెళ్లేది ఇదే, నేల మట్టం. వైగర్ 40, మైండ్ 25, ఎండ్యూరెన్స్ 15, ఇంటెలిజెన్స్ 60 ఉన్న మంత్రగాడిని తయారు చేయాలంటే ఆస్ట్రాలజర్‌కు లెవెల్ 97 చాలు. వాగబాండ్‌కు స్ట్రెంత్ 14, డెక్స్టెరిటీ 13 దించడానికి లేదు గనక లెవెల్ 104 దాకా పోవాలి. ఏడు లెవెల్స్. బాధ్యతగా లెక్కలేసుకుని ఒక లెవెల్ దగ్గర ఆగి ఇతర ఆటగాళ్లతో పోట్లాడేవాళ్లకు ఆ ఏడు ముఖ్యమే. ఒంటరిగా కథ పూర్తిచేసే వాళ్లకు అది ఒకపూట ఆట. ఆ ఏడు లెవెల్స్‌కు భయపడి, ఇష్టం లేని పెళుసు క్లాస్‌తో మొదటి పది గంటలు ఏడుస్తూ ఆడటం మాత్రం తెలివైన బేరం కాదు.

క్లాస్ తెరలోనే ఒక కీప్‌సేక్ (వెంట తెచ్చుకునే వస్తువు) ఎంచుకోమంటారు. ప్రాణం పెంచేదని క్రిమ్సన్ యాంబర్ మెడాలియన్ మీదికి చూపు పోతుంది. అది పెంచేది హెచ్‌పీలో ఆరు శాతం. వాగబాండ్‌కు 31, ఆస్ట్రాలజర్‌కు 23. గోల్డెన్ సీడ్ తీసుకుంటే ఒక ఫ్లాస్క్ పెరుగుతుంది, అంటే 250. గోల్డెన్ సీడ్లు దారిలో ఎలాగూ దొరుకుతాయన్నది నిజమే. కానీ ఫ్లాస్క్ విలువ ఎక్కువగా ఉండేది నాలుగే ఉన్నప్పుడు, పద్నాలుగు ఉన్నప్పుడు కాదు.

ఈ లెక్కలన్నీ ఎల్డెన్ రింగ్‌కే వర్తిస్తాయి, ఫాంటసీ ఆటలన్నిటికీ కాదు. బల్ల చుట్టూ కూర్చుని ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ సంప్రదాయంలో క్లాస్ అంటే చివరిదాకా వెంటాడేది. ఐదో ఎడిషన్‌లో బార్బేరియన్ హిట్ డై (హెచ్‌పీ తేల్చే పాచిక) పన్నెండు ముఖాలది, విజార్డ్‌ది ఆరు ముఖాలది. ఆ నియమాల మీదే 2023 ఆగస్టులో వచ్చిన బాల్డర్స్ గేట్ 3లో గరిష్ఠ లెవెల్ 12. కాన్స్టిట్యూషన్ 14 ఉన్న బార్బేరియన్‌కు అక్కడ 113 హెచ్‌పీ, అంతే కాన్స్టిట్యూషన్ ఉన్న విజార్డ్‌కు 74. ప్రతి లెవెల్‌కూ మూడు చొప్పున ఆ ఎడం పెరుగుతూనే పోతుంది, పాయింట్లు పోసి పూడ్చుకునే దారి దాదాపు లేదు. పైగా బార్బేరియన్ రేజ్‌లో (ఆవేశంలో) ఉన్నంతసేపూ కత్తిపోట్లు, గుద్దులు, కోతలు సగమే తగులుతాయి. 113 చూడ్డానికి 113, మామూలు ఆయుధాల ముందు 226. అలాంటి చోట గట్టి క్లాస్ అంటే నిజంగానే గట్టి క్లాస్. అయితే ఆ ఆటలో నలుగురు కలిసి తిరుగుతారు కాబట్టి దెబ్బలు తినేవాడు ఒక్కడుంటే చాలు, ఆటగాడి సొంత పాత్రే వాడు కానక్కర్లేదు. తేల్చుకోలేకపోయినా భయం లేదు. శిబిరంలో విథర్స్ అనే పాత్రకు వంద బంగారు నాణేలిస్తే క్లాస్ మొత్తంగా మార్చేస్తాడు. ఎల్డెన్ రింగ్‌లో రెన్నాలా చేయనిది ఇదే.

ఎల్డెన్ రింగ్‌లో మాత్రం లెవెల్ యాభై దాటేసరికి ఎవరు ఏ క్లాస్‌తో మొదలయ్యారో పాత్రను చూసి చెప్పడం కష్టం. 2024 జూన్‌లో వచ్చిన షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ అనే అదనపు భాగం దీన్ని ఇంకో మెట్టు ముందుకు తీసుకెళ్లింది. రాడాన్, మోగ్ అనే బాస్‌లను చంపి అక్కడికి చేరిన లెవెల్ 150 ఆటగాళ్లు, వైగర్ 60 పెట్టుకున్న పాత వాగబాండ్‌లతో సహా, రెండు మూడు దెబ్బలకే పడిపోతున్నారని గోల పెట్టారు. ఆ నేల మీద తట్టుకునే శక్తి స్కాడూట్రీ ఫ్రాగ్మెంట్ల నుంచి వస్తుంది. వాటిని ఏరి గ్రేస్ దగ్గర దీవెన పెంచుకుంటే వేసే దెబ్బ పెరుగుతుంది, తినే దెబ్బ తగ్గుతుంది. ఇరవై దాకా పెంచుకోవచ్చు. అవి ఎక్కడున్నాయో వెతుక్కుంటూ పోవాల్సిందే, రెచ్ అయినా వాగబాండ్ అయినా.